సర్ కూర్మా వేంకటరెడ్డి నాయుడుగారు: దక్షిణాఫ్రికాలో మన రాయబారి

రజతోత్సవ సంచికకు ఒక మహాపురుషుని జీవితము వ్రాయవలసినదని గ్రంథాలయ కార్యవర్గమువారు కోరినప్పుడు నేను కాటను దొరను గూర్చియే వ్రాయుదునని పలువురు తలచిరి. గోదావరి నీరు త్రాగువారికి ఆయన చరిత్రము క్రొత్తది కాదు. మన సీమలో వెలువడు సంచికలలో అది తరచుగా వచ్చుచునే యున్నది, ఇకముందును రాగలదు. వ్రాయువారు లేక మరుగున పడినది మరియొకరి చరిత్రము. మదరాసు రాజధానిలో మంత్రియై, తాత్కాలిక గవర్నరై, ప్రధానమంత్రియై, ఈ పదవుల నడుమ మూడేండ్లకు పైగా ఆఫ్రికాఖండపు దక్షిణాగ్రమున మనవారి పక్షమున నిలిచి వాదించిన ఆంధ్రుడు సర్ కూర్మా వేంకటరెడ్డి నాయుడుగారు. ఆయన పేరు చెప్పినచో పెద్దలు జస్టిసు పక్షమువాడు కదా యని ఊరకుందురు; పిన్నలు ఆయన యెవరని యడుగుదురు.

నాయుడుగారు 1875వ సంవత్సరమున ఏలూరులో జన్మించిరి. ఏలూరు మనకు పరాయి యూరని యెవరైన ననుకొందురేమో. 1859లో ఏర్పడిన పూర్వపు గోదావరి జిల్లాలో అమలాపురము, ఏలూరు రెండును చేరి యుండెను. 1904లో ఏలూరు కృష్ణా జిల్లాకును, 1925లో పశ్చిమ గోదావరికిని మారినది. 2022 ఏప్రిలులో అదియు మన కోనసీమయు ఒక్కనాడే వేరువేరు జిల్లాలైనవి. కావున ఆయన పుట్టిననాటి జిల్లా పటము పరచి చూచినచో ఆయన మన జిల్లావాడే. లెక్కలు వ్రాయువారికి ఇట్టి సరిహద్దుల మార్పుపై మక్కువ యెక్కువ. చదువరులు మన్నింతురు గాక.

ఆయన న్యాయశాస్త్రము చదివి వకీలుగా పేరు గడించిరి. 1916లో మదరాసులో బ్రాహ్మణేతరోద్యమము సంస్థారూపము దాల్చినప్పుడు అందు చేరిన ఆంధ్రులలో ఆయన ముఖ్యులు. 1919లో రాజ్యాంగ సంస్కరణల చట్టముపై విచారణ జరుపుచున్న పార్లమెంటు సంయుక్త సంఘము నెదుట వాదించుటకు ఆ పక్షమువారు ఇంగ్లండునకు ప్రతినిధులను పంపిరి. నాయకుడైన డాక్టరు టి. ఎం. నాయరుగారు సాక్ష్య మీయకముందే, ఆ యేడు జూలై 17వ తేదీన, లండనులోనే కన్నుమూసిరి. ఆ భారము నాయుడుగారి భుజములపై బడెను. శాసనసభలో బ్రాహ్మణేతరులకు కొన్ని స్థానములు ప్రత్యేకింపవలెనని ఆయన వాదించిరి. మరుసటి యేడు మెస్టను ప్రభువు తీర్పు వలన 28 స్థానములు వారికి దక్కెను. ఆ వాదము మంచిదా కాదా యనునది వేరు చర్చ. నాయకుడు పోయినచోట నిలిచి మాట చెల్లించుకొనుట మాత్రము సామాన్యుని పని కాదు.

1920 డిసెంబరు 17వ తేదీన మదరాసులో తొలి మంత్రివర్గ మేర్పడినది. సుబ్బరాయలు రెడ్డియారుగారు మొదటి మంత్రి. రామరాయణింగారు, అనగా తరువాతి పానగల్లు రాజాగారు, స్థానిక పరిపాలన చూచిరి. నాయుడుగారి కప్పగించిన శాఖకు అభివృద్ధి శాఖ యని పేరు. పేరు ఘనముగా నున్నది. లోపల నేమున్నదో చూడవలెను. ఆ నాటి ద్వంద్వ ప్రభుత్వములో వ్యవసాయము, పరిశ్రమలు, సహకార సంఘములు, మత్స్యశాఖ మంత్రుల పాలైనవి. ఖజానా, భూమిశిస్తు, పోలీసు, నీటిపారుదల గవర్నరు కార్యాలోచన సభవారి చేతిలోనే నిలిచినవి. మన సీమ రైతు కర్థమగునట్లు చెప్పవలెనన్న పైరు మంత్రిగారిది, కాలువ గవర్నరుగారిది. విత్తనమును గూర్చి మంత్రి సలహా చెప్పవచ్చును. లాకు తలుపెత్తుట కాతనికి అధికారము లేదు. డబ్బు కావలసిన ప్రతిసారి ఖజానా చూచు సభ్యుని గుమ్మము తొక్కవలెను.

అట్టి సంకటములోనే పరిశ్రమలకు ప్రభుత్వ సహాయ మిచ్చు శాసన మొకటి 1922వ సంవత్సరపు పేరుతో ఆయన కాలమున వచ్చినది. క్రొత్తగా పరిశ్రమలు పెట్టువారికి ప్రభుత్వము అప్పులిచ్చుట కది దారి చూపినది. కాని 1923లో రెండవ మంత్రివర్గము కూర్చునప్పుడు, తమిళుల కొక స్థానము కావలెనను ఒత్తిడి వలన, నాయుడుగారిని తప్పించి శివజ్ఞానము పిళ్ళగారిని తీసికొనిరి. చేసిన పనిలో లోపముండి కాదు, లెక్క కుదరక తీసివేసిరి. ఆయన పదవీ చరిత్ర మంతయు ఇట్లే యుండును. నలుగురికి అవసరమైనప్పుడు పిలుపు వచ్చును. అవసరము తీరినప్పుడు సెలవు.

ఇప్పుడు ఆఫ్రికా మాటకు రావలెను. అందులకు కొంత వెనుకకు పోక తప్పదు.

మన కోనసీమకు ఎదురుగట్టున నున్న కోరంగి ఒకప్పుడు పెద్ద రేవు. 1839 నాటి తుపాను దానిని తుడిచిపెట్టినను, మారిషసు ద్వీపమునను బర్మాలోను తెలుగువానికి కోరంగీ యను పేరు మిగిలిపోయినది. ఊరు పోయి పేరు సముద్రము దాటినది. బ్రిటిషు రాజ్యమున బానిసత్వము రద్దైన పిమ్మట చెరకు తోటలకు కూలీలు కరవైరి. మొదట మారిషసునకు, పిదప నాటాలునకు మనవారిని ఒడంబడికపై తీసికొనిపోయిరి. నాటాలు అనగా ఇప్పటి దక్షిణాఫ్రికా తూర్పు తీరము. 1860 నవంబరు 16న మదరాసునుండి బయలుదేరిన ట్రూరో యను ఓడ డర్బను రేవు చేరినది. నాటినుండి 1911 వరకు సుమారు 1,52,000 మంది ఇట్లు వెళ్ళిరి. వారిలో అధిక సంఖ్యాకులు మదరాసు నుండి ఓడ యెక్కినవారే. ప్రతి మనిషికొక సంఖ్య వేసి, పేరు, తండ్రి పేరు, వయస్సు, కులము, జిల్లా, తాలూకా, గ్రామము వ్రాసిన ఓడ చిట్టాలు నేటికిని నిలిచి యున్నవి. అందు తమిళ జిల్లాలతోబాటు ఉత్తర ఆర్కాటు, విశాఖపట్టణము, గోదావరి పేర్లును కనబడును.

ఒడంబడిక అయిదేండ్లు. మొదటి యేట నెలకు పది షిల్లింగులు కూలి. ఏటేట ఒక షిల్లింగు పెంపు. గడువు తీరిన తరువాత అక్కడనే నిలిచి కూరగాయలు పండించి బ్రతుకుచున్నవారిని చూచి తెల్లవారికి కన్ను కుట్టెను. 1895 నాటి శాసనముతో ఒడంబడిక తీరినవారిపై తలకు మూడు పౌన్ల పన్ను విధించిరి. నెలకు పది షిల్లింగుల లెక్కన అది ఆరు నెలల కూలి. ఆ పన్నుపైనే 1913లో గాంధీగారి నాయకత్వమున గనులలోను తోటలలోను సమ్మె జరిగినది. 1914లో అది రద్దయ్యెను. ఈ కథ మన చదువరులకు తెలిసినదే. గాంధీగారు తిరిగి వచ్చిన తరువాత అక్కడ మిగిలినవారి గతి యేమైనది? ఆ సంగతి మన పుస్తకములలో అంతగా కానరాదు.

1924లో హెర్ట్‌జోగు సేనాపతి ప్రధానియైన పిమ్మట రైలుశాఖలోను పురపాలక సంఘములలోను మనవారిని తొలగించి తెల్లకూలీలను పెట్టు విధానము బలపడెను. నివాసములను వ్యాపారములను వేరుపరచు బిల్లులు ఒకదానివెంట నొకటి వచ్చెను. 1926 డిసెంబరు మొదలు 1927 జనవరి వరకు కేప్‌టౌనులో ఇరు ప్రభుత్వముల ప్రతినిధులు కూర్చుండి ఒక ఒడంబడిక చేసికొనిరి. వేరుపరచు బిల్లును విరమించుటకు యూనియను ప్రభుత్వ మంగీకరించినది. స్వదేశమునకు పోదలచిన భారతీయులకు ఓడఖర్చును, పెద్దలకు తలకు 20 పౌన్లు, పిల్లలకు 10 పౌన్లును ఆ ప్రభుత్వ మిచ్చును. మిగిలిపోవువారిని విద్యలోను జీవన ప్రమాణములోను పైకి తెచ్చును. ఈ షరతులు నడచుచున్నవో లేవో చూచుటకు భారత ప్రభుత్వము తరపున ఒక ఏజెంటు అక్కడ నుండును.

మొదటి ఏజెంటు శ్రీనివాస శాస్త్రిగారు. ఆయన ఇంగ్లీషు వాక్కునకు ఇంగ్లీషువారే చేతులు జోడింతురని ప్రతీతి. అట్టి శాస్త్రిగారు 1929 ఆరంభమున విరమించుకొనగా ఆ స్థానమున నాయుడుగారు నియుక్తులైరి. గొప్ప గాయకుడు పాడి లేచిన తరువాత అదే వేదికపై కూర్చుండి గొంతు సవరించుకొనుట యెంత కష్టమో కచేరీలు వినువారి కెరుకయే. శాస్త్రిగారు పూనిక వహించి నెలకొల్పజూచిన డర్బను ఉన్నత పాఠశాల 1929లోనే, నాయుడుగారి కాలములో, తెరువబడినది. దానికి శాస్త్రి కళాశాల యనియే పేరు.

ఏజెంటునకు గల అధికార మెంత? ఆ దేశపు పార్లమెంటు కేప్‌టౌనులో, సచివాలయము ప్రిటోరియాలో, మన జనము డర్బనులో. ఈ మూడింటి నడుమ వందల క్రోసులు. నాటాలులో భారతీయులకు 1896 నుండి పార్లమెంటు ఓటు లేదు. తన జనమునకు ఓటు లేనిచోట మంత్రి యొద్దకు పోయి నిలువబడువాని మాట కెంత బరువుండును? ఏజెంటు బిల్లు నాపలేడు; అర్జీ యీయవచ్చును, మాటలాడవచ్చును, విందున కాహ్వానించి నచ్చజెప్పవచ్చును. ఉద్యోగపర్వమున ధృతరాష్ట్రుడు సంజయుని పాండవుల యొద్దకు పంపినప్పుడు సెంటు భూమి యిచ్చుటకైన నతనికి హక్కీయలేదు; మంచిమాటలు మాత్రమే మూటగట్టి పంపెను. మన ఏజెంటు చేతి మూటయు నట్టిదే. పంపినది సొంత రాజు కాక పరాయి రాజగుట ఇందు విశేషము.

నాయుడుగారి కెదురైన పెద్ద పరీక్ష ట్రాన్సువాలు భూముల వ్యవహారము. దీనిని కొంచెము విస్తరించి చెప్పెదను, ఏలయనగా భూమి కాగితములతో పరిచయమున్నవారికి దీని లోతు తెలియును.

ట్రాన్సువాలులో 1885 నాటి మూడవ శాసనము ప్రకారము ఆసియావాసి తన పేర స్థిరాస్తి కొనరాదు. ప్రభుత్వము కేటాయించిన వాడలలో తప్ప. 1908 నాటి బంగారు గనుల శాసనము ప్రకారము గనిభూమిగా ప్రకటించినచోట నల్లవారుగాని ఆసియావారుగాని నివసింపరాదు. జొహానెస్‌బర్గు పట్టణము, దాని చుట్టుప్రక్కల ఊళ్ళు గనిభూమిపైనే లేచినవి. మరి అంగడి పెట్టుకొని బ్రతుకువాడు ఏమి చేయును? మొదట నమ్మకస్థుడైన తెల్లవాని పేర దస్తావేజు వ్రాయించెను. అనగా మన బినామీయే. ఆ తెల్లవాడు చచ్చినను దివాలా తీసినను ఆస్తి గోవిందా. పిమ్మట న్యాయవాదు లొక దారి చూపిరి. కంపెనీ యనునది చట్టము దృష్టిలో ఒక ప్రత్యేక వ్యక్తి. దానికి జాతి లేదు, రంగు లేదు. వాటాదారులందరు భారతీయులైనను కంపెనీ భారతీయుడు కాదు! భార్యాభర్తలిద్దరు వాటాదారులుగా కంపెనీ పెట్టి దాని పేర స్థలము కొనజొచ్చిరి. 1919 శాసనము ఈ ద్వారమును మూసినది. అప్పటికున్నవారి హక్కులను మాత్రము కాపాడినది. అయినను బ్రతుకు ఆగదు కదా. క్రొత్త అంగళ్ళు వెలసెను. పాత చోటనుండి ప్రక్క వీథికి మారిరి. కాగితమునకును స్వాధీనమునకును పొంతన లేకపోయెను. అడంగలులో నొకని పేరు, చేనులో మరియొకని కాలు ఉన్నచో వచ్చు చిక్కులే అక్కడను వచ్చెను. మన చిక్కు శిస్తుతో తీరును. అక్కడ కుటుంబము వీథి పాలగును.

పార్లమెంటు నియమించిన సంఘ మొకటి విచారణ జరిపి, శాసనోల్లంఘనములు మిక్కుటముగా నున్నవని తేల్చినది. దానిపై 1930 మే నెలలో ట్రాన్సువాలు ఆసియావాసుల భూస్వామ్యపు బిల్లును ప్రవేశపెట్టిరి. అది యథాతథముగా నెగ్గినచో దశాబ్దములుగా నడచుచున్న అంగళ్ళు మూసి కేటాయించిన వాడలకు పోవలసినదే. ఇందు దెబ్బ తగులువారు ప్రధానముగా గుజరాతీ వర్తకులు. మన తెలుగువారు నాటాలులో చెరకు తోటలను, రైలుబాటలను, పురపాలక సంఘపు చాకిరిని నమ్ముకొన్నవారు. నాయుడుగారికి ఆ భేదము పట్టలేదు. కేప్‌టౌను ఒడంబడిక స్ఫూర్తికి ఇది విరుద్ధమని ఆయన వాదించిరి. భారత ప్రభుత్వమును జోక్యము చేసికొమ్మని తొందరపెట్టిరి. అక్కడి భారతీయ కాంగ్రెసువారు సభలు జరిపి నిరసించిరి. ఆ వత్తిళ్ళ ఫలితముగా బిల్లు వాయిదాపడినది. ఇరు ప్రభుత్వములు మరల కూర్చుండి మాటలాడువరకు దానిని ముందునకు నడపకుండిరి.

ఇక్కడ ఒక మాట దాచకుండ చెప్పవలెను. ఆ మే నెలలోనే, 5వ తేదీన, ఉప్పు సత్యాగ్రహము నడుపుచున్న గాంధీగారిని ఇక్కడి ప్రభుత్వము నిర్బంధించినది. ఇంటిలో మనవారిని చెరసాలలకు పంపుచున్న ప్రభుత్వము పరదేశమున మనవారి హక్కులకై వాదించుచుండెను. ఆ ప్రభుత్వపు ముద్ర ధరించి వాదించువాడు నాయుడుగారు. మీ దేశములో మీకే హక్కులు లేవు, ఇక్కడ నెట్లడుగుదురని ఎదుటివాడన్నచో ఏమి చెప్పగలడు? ఆయన స్వరాజ్యోద్యమములో చేరినవాడు కాడు. అందులకు ఆయనను తప్పుపట్టినవారు నాడును గలరు, నేడును గలరు. నేనును ఆ విషయమున ఆయనను సమర్థింపను. కాని ఆ స్థానమున ఎవరును లేకున్నచో బిల్లు ఆ యేడే చట్టమై యుండెడిదనుటయు నిజము.

రెండవ చిక్కు స్వదేశమునకు పంపు పథకము. 20 పౌన్ల ఆశతోను, ఆర్థికమాంద్యము వలన పనులు పోయియు వేలమంది ఓడలెక్కిరి. మూడేండ్లలోపల తిరిగి పోకున్నచో అక్కడి నివాసపు హక్కు పోవును. తిరిగి పోవలెనన్న పుచ్చుకొన్న సొమ్మును చెల్లింపవలెను. వచ్చినవారిలో పలువురు అక్కడ పుట్టి పెరిగినవారు. మదరాసు రేవున దిగిన తరువాత వారికి ఊరు లేదు. ఉన్న ఊరిలో కులము లేదు, సముద్రము దాటినవాని బిడ్డలని బంధువులు దగ్గరకు రానీయలేదు. చేతి సొమ్ము నెలలలో హరించిపోయెను. భవానీదయాళ సన్న్యాసిగారును బనారసీదాసు చతుర్వేదిగారును కలిసి ఇట్టివారి దురవస్థను విచారించి 1931లో ఒక నివేదిక ప్రకటించిరి. ఇచ్చటినుండి రంగూను పోయి వచ్చినవారి కథలు మన పెద్దలు చెప్పుచుండువారు. నేడు కువైటు, మస్కటు పోయి వచ్చు మన స్త్రీల కథలు రాజోలు, అమలాపురము ప్రాంతములలో ప్రతి యూరను వినవచ్చును. పోవునాడు సాగనంపుట కందరు నుందురు. వచ్చునాటి లెక్క యెవ్వరును వ్రాయరు.

రెండవ గుండ్రబల్ల సమావేశము 1932 జనవరి 12న కేప్‌టౌనులో ప్రారంభమైనది. మన పక్షమునకు సర్ ఫజ్లీ హుసేనుగారు నాయకులు. శ్రీనివాస శాస్త్రిగారు, సరోజినీ దేవిగారు, గిరిజాశంకర బాజ్‌పాయిగారు మొదలగువారితో నాయుడుగారును సభ్యులు. ఎదుటి పక్షమున ఆంతరంగిక మంత్రి డాక్టరు మలాను. సరిగా ఎనిమిది దినముల ముందు గాంధీగారిని మరల చెరపట్టిరి. ఆయన ఎరవాడలో నుండగా, ఆయన సహచరి సరోజినీ దేవి ప్రభుత్వ ప్రతినిధి వర్గములో కూర్చుండెను. ఆ కాలపు రాజకీయము లంత సరళముగా నుండలేదు.

సమావేశము ఫిబ్రవరి 4 వరకు జరిగినది. అందు తేలిన ముఖ్యాంశములను ఏప్రిలు 5న ప్రకటించిరి. యూనియనులోని భారతీయులలో నూటికి ఎనుబదిమంది ఆ దేశమున జన్మించినవారే గనుకను, భారతదేశపు ఆర్థిక పరిస్థితులు శీతోష్ణములు వారికి సరిపడవు గనుకను, స్వదేశమునకు పంపు పథకము ఇక దాదాపుగా ముగిసినట్లేనని యూనియను ప్రభుత్వము ఒప్పుకొన్నది. ఇది చిన్న మాట కాదు. అంతవరకు వారి విధానమంతయు భారతీయుడు పరాయివాడు, నేడో రేపో పోవువాడు అను ఊహపై నిలిచినది. ఆ ఊహ కట్టుకథ యని వారి సంతకముతోనే తేలినది. అయితే ఒక చేత నిచ్చి మరియొక చేత తీసికొనుట అధికారమునకు అలవాటు. భారతదేశమునకు గాక మరియే దేశమునకైన వీరిని పంప వీలగునా యని విచారించుటకు పూనిరి, అందు సహకరించుటకు మనవారు తలయూపిరి. ఆ సమ్మతి అక్కడి భారతీయులను తరువాత రెండు వర్గములుగా చీల్చినది. ట్రాన్సువాలు శాసనము 1932లో వచ్చియే వచ్చినది. ముందటి బిల్లుకంటె మెత్తబడినది. ఎవరెవరు ఎచ్చటెచ్చట ఏ హక్కున నున్నారో స్థలము స్థలము విచారించి, తగినచోట్లను మినహాయించుటకు ఫీథాము అధ్యక్షతన కమీషను నియమించిరి. ఒక్క దెబ్బతో వెళ్ళగొట్టవలసినది, ఇంటింటి విచారణగా మారినది. సంవత్సరములు గడచెను, అంగళ్ళు నడచెను. రైతు పక్షమున స్టే తెచ్చిన వకీలు కేసు గెలిచినట్లు కాదు గాని, ఆ యేటి పంట ఇంటికి వచ్చును.

నాయుడుగారి పనిలో ప్రభుత్వ కాగితములకెక్కని భాగ మొకటి కలదు. నాటాలు తెలుగువారు సంఖ్యలో తమిళులకంటె తక్కువ. మదరాసునుండి వచ్చినవారందరిని తెల్లవారు ఒకే గంపలో వేయుటచే తమ భాష చెప్పుకొనుటకు చోటు లేకపోయెను. ఊరూర భజనలు, రాముని కథ, పండుగలు ఉండెను గాని అందరిని కలుపు సంస్థ లేదు. తెలుగు మాటలాడు ఏజెంటు రాగానే వారికి ప్రాణము లేచివచ్చినట్లైనది. నాయుడుగారును ఆయన ధర్మపత్నియు వారి నడుమ తిరిగి, తెలుగు నేర్పుడని, ఒక సంఘముగా కూడుడని ప్రోత్సహించిరి. 1931లో దక్షిణాఫ్రికా ఆంధ్ర మహాసభ వెలసినది. తోటలలోని పిల్లలకు సాయంకాలములందు తెలుగక్షరములు నేర్పు బడులు దాని నీడలో పెరిగెను. శాసనములో కొన్ని పంక్తులు మార్పించుటకంటె ఈ పనియే చిరకాలము నిలిచినది.

ఆయన పనికి గల హద్దును గూర్చియు చెప్పవలెను. ఏజెంటు భారతీయులకు మాత్రమే వకీలు. ఆ దేశపు సొంతబిడ్డలైన నల్లజాతి ప్రజలు లక్షలాదిగా నుండి, 1913 నాటి శాసనముచే నూటికి ఏడు పాళ్ళ భూమికి కుదింపబడి యుండిరి. కేప్‌టౌను చర్చలలో వారికి పీటయే లేదు. పైగా ఆ ఒడంబడిక పాశ్చాత్య జీవన ప్రమాణమును కాపాడుకొనుటకు తెల్లవారికి హక్కు కలదని ఒప్పుకొన్న పునాదిపై లేచినది. మమ్ము మీ వైపు చేర్చుకొనుడు అను ధోరణి ఏజెంటులందరి వాదములలోను నుండెను. ప్రభుత్వము వారి కిచ్చిన ఆజ్ఞయు నంతే. అది యెంత బలహీనమైన వాదమో కాలము చూపినది. నాడు బల్లకు అటువైపు కూర్చున్న మలానే 1948లో ప్రధానియై జాతివివక్షను రాజ్యధర్మముగా చేసెను. 1950 నాటి ప్రాంతవిభజన శాసనము ట్రాన్సువాలులోనే కాదు, దేశమంతట మనవారి ఇండ్లను పెరికివేసినది. 1947 మార్చిలో భారతీయ నాయకులు దాదూ, నాయికరుగార్లు ఆఫ్రికను నాయకుడు జూమాగారితో చేతులు కలిపిన ఒప్పందమే సరియైన దారి యని నా తలంపు. కాని అది 1930లో ఒక ప్రభుత్వోద్యోగి చేయగలిగిన పని యనలేము.

1932లో నాయుడుగారు మహారాజ్ సింగుగారికి బాధ్యత అప్పగించి తిరిగివచ్చిరి. పిమ్మట ఆయన జీవితమున పదవులు వరుసగా వచ్చెను. 1934లో మదరాసు గవర్నరు కార్యాలోచన సభలో న్యాయశాఖ సభ్యులైరి. 1936లో ఎర్‌స్కిను ప్రభువు సెలవుపై పోగా జూన్ 18 మొదలు అక్టోబరు 1 వరకు తాత్కాలిక గవర్నరుగా నుండిరి. మహమ్మదు ఉస్మానుగారి తరువాత ఆ పీఠ మెక్కిన రెండవ భారతీయుడాయన, ఆంధ్రులలో మొదటివాడు.

1937 ఎన్నికలలో కాంగ్రెసు 215 స్థానములకు 159 గెలిచినది. గవర్నరు తన ప్రత్యేకాధికారములను ప్రయోగింపనని మాట ఇచ్చినగాని పదవులు స్వీకరింపమని వారు భీష్మించిరి. ఖాళీగానున్న గద్దెపై కూర్చుండుటకు మరల నాయుడుగారికి పిలుపు వచ్చెను. ఏప్రిలు 1 నుండి జూలై 14 వరకు, 105 దినములు, ఆయన ప్రధానమంత్రి. శాసనసభలో బలము లేదు, సభను సమావేశపరచినచో పడిపోవును, కనుక సమావేశపరచలేదు. కాంగ్రెసువారు పదవులకు సమ్మతించినంతనే రాజగోపాలాచారిగారికి తాళపుచెవు లిచ్చి లేచిరి. ఆ మంత్రివర్గమును ప్రజలు గౌరవింపలేదు, అది న్యాయమే. ఓడిపోయిన పక్షము గద్దెపై కూర్చుండుట ప్రజాతీర్పునకు మర్యాద కాదు.

1940లో అణ్ణామలై విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షులైరి. అంతకుముందు ఆ పదవిలో నున్నవారు శ్రీనివాస శాస్త్రిగారు! డర్బనులోవలె చిదంబరములోను శాస్త్రిగారు లేచిన పీఠముపైననే నాయుడుగారు కూర్చుండిరి. ఆ పదవి ముగిసిన 1942వ సంవత్సరమే ఆయన జీవితమునకును చివరిది.

ఆయన పోయిన నాలుగేండ్లకు భారతదేశము దక్షిణాఫ్రికాతో వర్తకము తెంచుకొని, అక్కడి భారతీయుల విషయమును ఐక్యరాజ్యసమితి కెక్కించినది. 1961లోగాని అక్కడి ప్రభుత్వము మనవారిని ఆ దేశపు శాశ్వత ప్రజలుగా నంగీకరింపలేదు. 1994లో అందరికి ఓటు వచ్చినది. 1996 నాటి ఆ దేశ రాజ్యాంగమున ఆరవ విభాగములో, ప్రజలు వాడు భాషలలో గౌరవించి పెంపొందింపవలసినవాని జాబితా కలదు. అందు తమిళము, హిందీ, గుజరాతీ, ఉర్దూలతోబాటు తెలుగు పేరును స్పష్టముగా వ్రాసియున్నది.

మన గ్రంథాలయమున మూడవ బీరువాలో జీవితచరిత్రలు పెట్టియున్నారు. అందు నాయుడుగారి చరిత్ర లేదు. నాటాలుకో, మారిషసుకో, రంగూనుకో పోయిన పూర్వుల ఉత్తరములు, ఓడ చీట్లు, ఫొటోలు మన గ్రామములోగాని ఇరుగుపొరుగు గ్రామములలోగాని ఎవరి ఇంటి అటకపైనైన నున్నచో, చెదలు పట్టకముందే గ్రంథాలయమున కప్పగింప ప్రార్థన. మూలమును వారికే తిరిగి యిచ్చి నకలు మాత్రము ఇక్కడ నుంచుటకు కార్యదర్శిగారు సమ్మతించి యున్నారు.